మూడో చెయ్యి

నాదర్‌గుల్. మే నెల. రెండు దాటి పది నిమిషాలు.
పెట్రోలు పోయించి, మంచినీళ్ళు తాగి వచ్చేసరికి
పొద్దుటినుంచీ నన్ను మోసిన బుడ్డ విమానం
నేనెవరో తెలియనట్టు నిలబడింది.

తాళం తిప్పాను.
ప్రొపెల్లరు తిరిగింది, అంతే, తిరిగింది.
పొద్దున చేసినట్టే చేశాను కదా:
పంపు వేసి, మిక్స్చరు ముందుకు తోసి,
ఒకటి, రెండు, మూడు, నాలుగు లెక్కపెట్టి.
మళ్ళీ తిప్పాను. మళ్ళీ.
బ్యాటరీ గొంతు బొంగురుపోతుంటే
ముక్కు కింద నీలం చుక్కలు
కాంక్రీటు మీద పడుతూనే ఆరిపోతూ.
గాలంతా పెట్రోలు వాసన.
ఆఫీసు కిటికీలో విష్ణుభట్ల సారు
కీరదోసకాయ నములుతూ, నన్నే చూస్తూ.

సత్తార్ భాయ్ షెడ్డు నీడలోంచి లేచాడు. తొందరపడలేదు.
"ఆపు బిడ్డా."
తాళం తీసుకుని తన చొక్కా జేబులో వేసుకున్నాడు.
"ఉడుకు మీదున్నప్పుడు దాని రెక్కకు చెయ్యి తగిలియ్యకు.
తాళం లేకున్నా తన్నుతది."
మాట్లాడుతుంటే చూశాను,
కుడి చేతి చిటికెన వేలు సగమే ఉంది.
అడగలేదు.

నూనె చూసే చిన్న తలుపు తెరిచాడు.
బొగ్గుల ఇస్త్రీపెట్టె మూత ఎత్తినట్టు
మొహానికి కొట్టింది సెగ.
"గా సాలీడును చూడు."
నాలుగు సిలిండర్ల నెత్తిన ఒక లోహపు బొడిపె,
దాన్నుంచి నాలుగు దిక్కులా సన్నటి గొట్టాలు.
ఎగిరినంతసేపూ గాలి వాటిని విసురుతూనే ఉంటుందట.
ఆగామా,
కింది వేడంతా పైకెక్కి వాటి మీద కూర్చుంటుంది.
"గీ కాళ్ళల్ల పెట్రోలు మరుగుతది, బుడగలైతది.
బుడగలను పంపు ఏం తోస్తది?
మొదలు బుడగలు. తర్వాత నువ్వు పోసిన వరద.
దూప లేనోనికి బలిమికి తాపినవ్."

నాకు నవ్వు రాలేదు. ఆయనకూ రాలేదు.
ఇద్దరం కలిసి ముక్కును ఆదిభట్ల గుట్టల వైపు తిప్పాం,
ఉన్న కాస్త గాలీ అటునుంచే వస్తోందని.
రెక్క నీడలో కూర్చున్నాం.
రన్‌వే అంచున బండరాళ్ళు వేడికి వణుకుతున్నాయి.
గాలిసంచీ ఒకసారి లేచి, మళ్ళీ వాలిపోయింది.
బేగంపేటలో ఇరవై ఎనిమిదేళ్ళు చేశాడట.
అంతకుమించి ఏమీ చెప్పలేదు,
గడ్డిపరకతో గోళ్ళలోని గ్రీజు తీసుకుంటూ కూర్చున్నాడు.
నేర్పేవాడు మాట్లాడకపోతే
మన గుండె చప్పుడే పాఠంలా వినిపిస్తుంది.

తాళం తిరిగి ఇచ్చాడు.
"థ్రాటిల్ మొత్తం లోపలికి. మిక్స్చర్ మొత్తం బయటికి.
పంపు జోలికి పోకు.
పది లెక్కకు రాకుంటె వదిలెయ్యి, స్టార్టర్ కాలుతది.
వస్తె మాత్రం ఆగకు.
థ్రాటిల్ గుంజు, మిక్స్చర్ తొయ్యి."
"ఏది ముందు?"
"రెండూ."

ఎడమ చేయి తాళానికి కట్టుబడి ఉంది.
కుడి చేయి ఒక్కటే.
తిప్పాను.
మూడు. నాలుగు. ఆరు.
తాగిన దంతా కక్కుతోంది ఇంజను, నల్లగా.
ఎనిమిది దగ్గర ఒక దగ్గు.
తొమ్మిది దగ్గర ఇంకోటి, కాస్త నమ్మకంగా.
గుంజానో తోశానో,
ఏది ముందో ఇప్పటికీ చెప్పలేను.
నాకు లేని మూడో చెయ్యి ఏదో
నా భుజం కిందినుంచి వచ్చి చేసిపోయింది.

గడియారపు ముల్లు ఎగిరి, తూలి, వెయ్యి దగ్గర నిలబడింది.
ఆయిల్ ప్రెషర్ ఆకుపచ్చలోకి వచ్చింది.
ప్రొపెల్లరు కనిపించడం మానేసింది.

సత్తార్ భాయ్ అప్పటికే షెడ్డు వైపు నడుస్తున్నాడు,
వెనక్కి తిరక్కుండానే
ఆ సగం వేలున్న చెయ్యి పైకెత్తి.

ఆ సాయంత్రం లాగ్‌బుక్కు నింపాను.
గాల్లో ఉన్న సమయానికి గడి ఉంది,
దిగిన సార్లకు గడి ఉంది.
నేల మీది ఆ నలభై నిమిషాలను
ఎక్కడ రాయాలో తెలియక
పెన్ను మూత పెట్టేశాను.